వెండి కొండలు చేతిలో ఉండగా స్పెయిన్ ఎందుకు దివాలా తీసింది? వలస పాలన ఎలా నిలిచింది, ఎలా కూలింది? (చర్చ)

నాణేలపెట్టె:
స్పెయిన్ వలస రాజ్యం గురించి తెలుగులో చదివినవాళ్లకు రెండు కొసలు తెలుస్తాయి. 1492లో కొలంబస్ బయల్దేరాడు, 1898లో క్యూబా, ఫిలిప్పీన్స్ చేజారాయి. మధ్యలోని నాలుగు వందల ఏళ్లు అంత దూరపు నేలల్ని ఏ పద్ధతిలో ఏలారో ఎవరూ విడమరచరు. ఇక్కడ తెలిసినవాళ్లున్నారు కాబట్టి మూడు ప్రశ్నలు అడుగుతున్నాను.

ఒకటి: గనిలోని రాయి నాణెం అయ్యేదాకా జరిగిన పని ఏమిటి? రెండు: అంత వెండి వస్తున్నా స్పెయిన్ రాజు రెండో ఫిలిప్ ఖజానా 1557, 1560, 1575, 1596లలో అప్పుల చెల్లింపు ఎందుకు ఆపేసింది? మూడు: మూడు వందల ఏళ్లు నిలిచిన పాలన 1810, 1825 మధ్య ఎలా కూలిపోయింది?

కళ్లంగట్టు:
మొదటి ప్రశ్న నేను తీసుకుంటాను. అది అర్థమైతే మిగతా రెండూ సగం తేలినట్టే. సామ్రాజ్యం వెండి మీద నడిచిందని అందరూ అంటారు. నా లెక్కలో అది నడిచింది పాదరసం మీద.

పొతోసీ కొండ (నేటి బొలీవియా) స్పెయిన్ వాళ్ల చేతికి వచ్చింది 1545లో. ఊరే సుమారు 4,000 మీటర్ల ఎత్తున ఉంటుంది. మొదటి పాతికేళ్లు వెండి తీసింది స్థానికులే, వాళ్ల పద్ధతిలోనే. గుట్టల మీద చిల్లులున్న చిన్న మట్టి కొలుములు పెట్టి, ఎదురుగాలికి కరిగించేవారు. పైపొరల్లోని మేలిరకం రాయికి అది సరిపోయింది. ఆ రాయి అయిపోయి, వెండి తక్కువగా ఉన్న రాయి మిగిలాక కొలుముకు పెట్టే కట్టెల ఖర్చు కూడా రాలేదు. 1560ల చివరికి పొతోసీ దాదాపు చతికిలబడింది.

దాన్ని లేపింది మెక్సికోలో పుట్టిన పని. బార్తొలొమే దె మెదీనా అనే సెవిల్ వ్యాపారి 1554–55లో పచూకా గనుల దగ్గర పాదరసంతో వెండి తీసే పద్ధతిని పెద్ద ఎత్తున నిలబెట్టాడు. దాన్ని ‘పాతియో’ పద్ధతి అంటారు. పాతియో అంటే రాళ్లు పరిచిన వాకిలి. మన కళ్లం లాంటిదే అనుకోండి, పని కూడా కళ్లం పనే.

ముందు నీటితో తిరిగే చక్రానికి బిగించిన ఇనుప పొన్ను రోకళ్లతో రాయిని పిండి చేస్తారు. పిండి ఎంత మెత్తగా ఉంటే అంత మంచిది. గరుకుగా ఉంటే లోపలి వెండికి పాదరసం అందదు. ఆ పిండిని తడిపి వాకిట్లో కుప్పలు పోస్తారు. పొతోసీ లెక్కలో ఒక పెట్టె 50 క్వింటాళ్లు. ఇది మన 100 కిలోల క్వింటాలు కాదు, స్పెయిన్ క్వింటాలు సుమారు 46 కిలోలు. కాబట్టి 2,300 కిలోల పిండి. అందులో ఉప్పు కలిపి తొక్కుతారు. ఆపైన వేయించిన రాగి ఖనిజపు పొడి వేస్తారు, దాన్ని ‘మాజిస్ట్రాల్’ అనేవారు. ఆఖరున పాదరసాన్ని గట్టి గుడ్డసంచిలో పోసి పిండితే సన్నటి తుంపరలా కుప్ప మీద పడుతుంది. మళ్లీ తొక్కుడు. మెక్సికోలో మొదట మనుషులు కాళ్లతో తొక్కారు. 18వ శతాబ్దం చివర్లో కంచర గాడిదలను తిప్పడం మొదలైంది, అచ్చం కళ్లంలో ఎడ్లను తిప్పినట్టు.

ఉప్పూ రాగీ కలిసి రాయిలోని వెండిని క్లోరైడ్‌గా మారుస్తాయి. పాదరసం ఆ వెండిని విడిపించి తనలో కలుపుకుంటుంది. ఇదంతా వాతావరణాన్ని బట్టి ఆరు వారాల నుంచి మూడు నెలల దాకా పడుతుంది.

చెడేది ఇక్కడే. మాజిస్ట్రాల్ ఎక్కువైతే కుప్ప ‘వేడెక్కింది’ అనేవారు. పాదరసం బూడిదరంగు పిండిలా విరిగిపోయి కడుగునీళ్లలో కొట్టుకుపోతుంది. విరుగుడుగా సున్నమో బూడిదో కలపాలి. తక్కువైతే కుప్ప ‘చల్లబడింది’ అంటారు, అంటే పని సాగడం లేదు, ఇంకొంచెం మాజిస్ట్రాల్ పడాలి. ఏది ఎంత అని చెప్పే కొలత పరికరమేదీ లేదు. ఈ పని మేస్త్రీని ‘అసొగేరో’ అంటారు. అతడు కుప్పలోంచి గుప్పెడు తీసి, చిన్న చిప్పలో నీళ్లతో కడిగి, అడుగున మిగిలిన పాదరసపు రంగునీ మెరుపునీ చూసి తేల్చేవాడు. అతడి కన్ను తప్పితే రెండు నెలల పని నీళ్లపాలే.

కుప్ప పండాక తొట్లలో కడుగుతారు. మట్టి పోయి అడుగున వెండీ పాదరసం కలిసిన ముద్ద మిగులుతుంది. గుడ్డలో వేసి పిండితే అదనపు పాదరసం కారిపోతుంది. మిగిలినదాన్ని అచ్చులో పెట్టి, పైన గంటలాంటి మూత బోర్లించి కాలిస్తే పాదరసం ఆవిరై మూత లోపల చల్లబడి కిందికి దిగుతుంది, వెండి నిలుస్తుంది. మూత సందుల్లోంచి జారిన ఆవిరి పనివాళ్ల ఊపిరితిత్తుల్లోకి పోయింది. చేతులు వణకడం, పళ్లు ఊడడం ఆ ఊళ్లలో మామూలు సంగతి.

రాజు గారి అధికారులు పట్టుకున్న సూత్రం ఒకటుంది. ఒక క్వింటాలు పాదరసం ఖర్చయితే సుమారు 100 మార్కుల వెండి రావాలి. మార్కు అంటే 230 గ్రాములు. అంటే 46 కిలోల పాదరసానికి 23 కిలోల వెండి. గనులు ప్రైవేటువే అయినా పాదరసం మాత్రం రాజు గుత్తసొత్తు. స్పెయిన్‌లోని అల్మదేన్ నుంచి, పెరూలోని వాంకవెలికా నుంచి, చాలనప్పుడు ఇద్రియా నుంచి (నేటి స్లొవేనియా) వచ్చేది. ఎవరికి ఎంత పాదరసం ఇచ్చారో చిట్టాలో ఉంటుంది. దానికి తగ్గ వెండి ముద్ర వేయించుకోవడానికి రాకపోతే దొంగదారిన పోయిందని తెలిసిపోతుంది. వేల మైళ్ల అవతల కూర్చుని పన్ను పట్టుకున్న తీరు ఇదీ.

గనిదీపం:
కళ్లంగట్టు గారూ, పని చాలా బాగా చెప్పారు. కానీ ఆ పని చేసింది ఎవరో కూడా ఇదే వరుసలో రావాలి. పాదరసం ఎంత ఉన్నా రాయిని పైకి మోసే మనిషి లేకపోతే ఒక్క రియాలు (స్పెయిన్ వెండి నాణెం) రాదు.

వైస్రాయి ఫ్రాన్సిస్కో దె తోలేదో 1573లో పొతోసీకి ‘మీతా’ ఏర్పాటు చేశాడు. తెలుగులో దానికి సరైన మాట వెట్టి. స్పెయిన్ వాళ్లకు ముందు అక్కడ ఏలిన ఇంకా రాజుల కాలంలోనూ వంతు పని ఉండేది, పేరు అక్కడిదే. తోలేదో దాన్ని గనికి తిప్పాడు. 16 రాష్ట్రాల్లో పన్ను కట్టే వయసు మగవాళ్లలో ఏడుగురికి ఒకరు చొప్పున ఏడాదికి సుమారు 13,500 మంది పొతోసీకి నడిచి రావాలి. వారం పని, రెండు వారాలు విడుపు అన్న లెక్కన ఎప్పుడు చూసినా 4,500 మంది పనిలో ఉంటారు. గనిలో దిగినవాడికి రోజుకు మూడున్నర రియాళ్ల కూలి అని రాశారు. తిండి, కొవ్వొత్తులు, దారి ఖర్చు కలిపితే అది చాలేది కాదు. అందుకే విడుపు వారాల్లో కూడా కూలికి పోయేవారు.

గని లోపల నిచ్చెనలు పచ్చితోలు పేనిన మోకులతో కట్టినవి. ముగ్గురు ముగ్గురుగా ఎక్కేవారు. ముందువాడు బొటనవేలికి కొవ్వొత్తి కట్టుకుంటాడు. వీపున దుప్పట్లో మూటగట్టి, రొమ్ము మీద ముడేసిన రాయి సుమారు పాతిక కిలోలు. లోపల ఉక్కపోత, బయట గడ్డకట్టే చలి. చెమటతో బయటికి వచ్చినవాడికి ఊపిరితిత్తుల జబ్బు పట్టుకునేది.

జనం పారిపోయారు. సొంత ఊరు వదిలి వేరే ఊళ్లో ‘పరదేశి’గా ఉంటే వెట్టి లేదు కాబట్టి ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయ్యాయి. మనిషి రాకపోతే ఊరి పెద్ద వెండి కట్టాలి. గని యజమానులు కొందరు ఆ డబ్బు తీసుకుని మనిషిని పెట్టుకోకుండానే గడిపేశారు. అలాంటి కూలీలకు ‘జేబులోని ఇండియన్లు’ అని పేరు. అంటే వెట్టి మెల్లగా మనుషుల్ని పీల్చే పన్నుగా మారిపోయింది. స్పెయిన్ రేవు పట్టణం కాదిజ్‌లో కూడిన పార్లమెంటు 1812లో రద్దు చేసేదాకా, దాదాపు 240 ఏళ్లు ఇది చట్టమే.

ఓడరేవు:
రెండో ప్రశ్నకు నా జవాబు.

రాజుకు దక్కింది మొత్తం వెండి కాదు. ‘కింతో’ అంటే ఐదో వంతు. మెక్సికోలో 1548 నుంచి గని నడిపేవాళ్లకు పదో వంతే, పొతోసీకి 1736లో పదో వంతుకు తగ్గించారు. రెండో ఫిలిప్ చివరి రోజుల్లో కూడా అమెరికా వెండి కాస్తీల్ (స్పెయిన్‌లోని ప్రధాన రాజ్యం) రాబడిలో సుమారు ఐదో వంతు నుంచి నాలుగో వంతు. మిగతాది ఎక్కువగా కాస్తీల్ రైతూ దుకాణదారూ కట్టిన పన్నులే.

ఖర్చేమో ఫ్లాండర్స్‌లో (నేటి బెల్జియం వైపు) పోరాడుతున్న సైన్యానిది. జీతం ప్రతి నెలా ఆంట్‌వెర్ప్‌లో పడాలి. వెండి మాత్రం ఏడాదికోసారి సెవిల్‌కు వస్తుంది. ఆ సందు పూడ్చింది జెనోవా వడ్డీ వ్యాపారులు. ముందు డబ్బిస్తారు, రాబోయే నౌకల వెండి తాకట్టు. నౌకలు రేవు చేరేసరికి అందులో రాజు వాటా అప్పటికే ఎవరికో రాసిచ్చినది. ‘దివాలా’ అన్న మాటను ఇక్కడ జాగ్రత్తగా వాడాలి. ఎక్కువ వడ్డీ ఉన్న చిన్న గడువు అప్పుల చెల్లింపు ఆపి, వాటిని తక్కువ వడ్డీ దీర్ఘకాలపు పత్రాలుగా మార్చేవారు. అప్పు పోలేదు, సాగింది. ఆ పత్రాల వడ్డీకి పన్నులు పెరిగాయి, పన్నులకు కాస్తీల్ చితికింది.

రవాణా సంగతి. 1560ల నుంచి ఓడలు విడిగా పోకూడదు. కాన్వాయ్‌గా, అంటే కాపలా ఓడలతో గుంపుగా పోవాలి. ఒక కాన్వాయ్ మెక్సికో రేవు వెరాక్రూజ్‌కు, ఇంకొకటి పనామా భూసంధి రేవుకు (1597 తర్వాత పోర్టోబెలో). తిరుగు దారిలో రెండూ హవానాలో కలిసి తుపాను కాలం ముదరకముందే బయటపడాలి. కాపలా ఖర్చు సరుకు మీద ‘అవెరియా’ సుంకంగా వేసేవారు. సుంకం పెరిగినకొద్దీ చిట్టాలో రాయించకుండా దాచే వెండి పెరిగింది. దాంతో మిగిలిన సరుకు మీద సుంకం ఇంకా పెంచాల్సి వచ్చింది. ఆ ఏర్పాటును లోపల్నుంచి తిన్నది ఇదే.

శత్రువు చేతికి దాదాపు ఒక కాన్వాయ్ మొత్తం చిక్కింది 1628లోనే, క్యూబా మతాన్జాస్ అఖాతంలో, డచ్చి పీట్ హైన్‌కు. తుపానులు చేసిన నష్టం తక్కువది కాదు. 1715లో ఫ్లోరిడా తీరాన ఒక కాన్వాయే మునిగింది.

తీరంవాసి:
ఇంత చెప్పినా 1588లో ఇంగ్లండ్ మీదికి పంపిన నౌకాదళం, అర్మడా, ఓటమితోనే స్పెయిన్ పని అయిపోయిందని కదా పాఠ్యపుస్తకాలు చెప్పేది?

ఓడరేవు:
అది సరికాదండీ. పొతోసీ దిగుబడి శిఖరానికి చేరింది 1590లలో, అంటే అర్మడా తర్వాతే. 17వ శతాబ్దంలో పొతోసీ తగ్గింది నిజమే, కానీ 18వ శతాబ్దంలో మెక్సికో లేచింది. 1804లో ఒక్క మెక్సికో టంకశాలే సుమారు 2 కోట్ల 70 లక్షల పెసోలు (పెసో అంటే ఎనిమిది రియాళ్లు) కొట్టింది. కూలడానికి ఆరేళ్ల ముందు ఈ రాజ్యం చేతిలో అంతకు ముందెన్నడూ లేనంత వెండి ఉంది.

కళ్లంగట్టు:
దీనికి కారణం కూడా పాదరసమే. మెక్సికోలో క్వింటాలు పాదరసం 82 పెసోలు ఉండేది. 1767లో 62కు, 1776లో 41కి దించారు. ధర సగమయ్యేసరికి అంతకు ముందు పారేసిన నాసిరాయి కూడా గిట్టుబాటైంది. పన్ను పెంచకుండా రాబడి పెంచిన అరుదైన నిర్ణయం ఇది.

గనిదీపం:
మిగతా సంస్కరణలు అలా లేవు. హోసే దె గాల్వెజ్ లాంటి అధికారులు 1765 నుంచి పొగాకు గుత్త చేశారు. 1767లో జెసూట్లను (ఒక క్యాథలిక్ మతగురువుల సంఘం) వెళ్లగొట్టారు. పెరూలో అమ్మకపు పన్ను 1772లో 2 నుంచి 4 శాతానికి, 1776లో 6కు పెంచారు. దీనికి తోడు జిల్లా అధికారి ‘కొర్రెహిదోర్’ ఊళ్లకు కంచర గాడిదలు, గుడ్డలు బలవంతంగా అంటగట్టి రెండు మూడింతల ధర గుంజేవాడు. ఎందుకంటే ఆ పదవిని అతడు అప్పు చేసి కొనుక్కున్నాడు. 1780 నవంబరు 4న ఇంకా రాజవంశీకుడినని చెప్పుకున్న స్థానిక నాయకుడు తూపాక్ అమారు తింతా జిల్లా కొర్రెహిదోర్ అర్రియాగాను పట్టుకుని, కొన్ని రోజుల్లోనే ఉరితీయించాడు. 1781 మే 18న కుస్కో చౌరస్తాలో తూపాక్ అమారునూ అతడి భార్యనూ పెద్ద కొడుకునూ చంపారు. ఆ తిరుగుబాటు దక్షిణ పెరూ అంతా పాకి, నేటి బొలీవియాలో లాపాజ్ ముట్టడి దాకా పోయింది. దాని తర్వాత అక్కడి తెల్ల జమీందార్లకు రాజు కంటే కింది జనం అంటేనే ఎక్కువ భయం. 1810 తర్వాత పెరూ చివరిదాకా రాజుపక్షం ఎందుకు ఉందో దీన్నిబట్టి అర్థమవుతుంది.

నాణేలపెట్టె:
అయితే మూడో ప్రశ్న ఇంకా గట్టిపడింది. వెండి ఉంది, సైన్యం ఉంది, తిరుగుబాటును అణిచారు. మరి 1810లో ఏమైంది?

ఓడరేవు:
గొలుసు తెగింది పైకొసన. 1804లో యుద్ధ ఖర్చుకు మెక్సికో చర్చి ఆస్తులు, నిధులు వసూలు చేయమని ఉత్తర్వు వచ్చింది. అక్కడి రైతులు, వ్యాపారులు, గని యజమానులు అప్పు తెచ్చుకునేది చర్చి నిధుల నుంచే. ఒక్కసారిగా బాకీ కట్టమనేసరికి రాజుభక్తి ఉన్న మధ్యతరగతే విరిగింది. 1805లో ట్రఫాల్గర్‌లో నౌకాదళం పోయింది. 1808లో నెపోలియన్ ఫ్రాన్సులోని బయోన్‌లో స్పెయిన్ రాజు నాలుగో కార్లోస్, అతడి కొడుకు ఏడో ఫెర్డినాండ్ ఇద్దరి చేతా సింహాసనం వదిలించి, తన అన్న జోసెఫ్‌ను కూర్చోబెట్టాడు.

ఇక్కడొక చట్టపు మెలిక ఉంది. ‘ఇండీస్’ రాజ్యాలు, అంటే అమెరికా వలసలు, స్పెయిన్ దేశానికి చెందినవి కావు, కాస్తీల్ రాజుకు చెందినవి. రాజు లేనప్పుడు అధికారం ప్రజలకు తిరిగి వస్తుందన్నది పాత స్పానిష్ న్యాయవాదమే. కారకాస్ (1810 ఏప్రిల్ 19), బ్యూనస్ ఎయిరిస్ (మే 25) సభలు మొదట ఏడో ఫెర్డినాండ్ పేరు మీదే అధికారం తీసుకున్నాయి. స్వాతంత్ర్యం అన్న మాట తర్వాత వచ్చింది.

1814లో తిరిగివచ్చిన ఫెర్డినాండ్ 1812 కాదిజ్ రాజ్యాంగాన్ని రద్దు చేసి, 1815లో మొరీయో అనే సేనాని కింద సుమారు 10,000 మంది సైనికులను అమెరికాకు పంపాడు. రాజీకి ఒప్పుకునేవాళ్లంతా ఆ దెబ్బకు అవతలి ఒడ్డుకు చేరారు. 1820 జనవరి 1న అమెరికాకు పోవాల్సిన సైన్యమే స్పెయిన్‌లో రియేగో నాయకత్వాన తిరగబడింది. ఆ తర్వాత అటు పెద్ద సైన్యం పోలేదు. 1821లో మెక్సికో విడిపోయింది, అదీ రాజుపక్షపు అధికారి ఇతుర్బిదే చేతుల మీదుగానే.

కళ్లంగట్టు:
నా పాట మళ్లీ పాడుతున్నాను. 1810లో మెక్సికోలో హిదాల్గో అనే మతగురువు లేపిన తిరుగుబాటు గ్వానహ్వాతో గనుల నడిమధ్యకే వచ్చింది. నీళ్లు తోడేవాళ్లు లేక గనులు మునిగాయి. అదే ఏడాది ఫ్రెంచి సైన్యం అల్మదేన్‌ను పట్టుకుంది. ఒక పక్క లోతుగనుల్లో నీళ్లు, ఇంకో పక్క పాదరసం రాకపోవడం. మునిగిన గనిని తోడడానికి ఏళ్లు, పెట్టుబడి కావాలి. వెండి పడిపోతే సిపాయి జీతం పడిపోతుంది. రెండు వైపులా సైన్యాలు ఊళ్ల మీద పడి బతికాయి.

గనిదీపం:
చివరి పెద్ద యుద్ధం 1824 డిసెంబరు 9, పెరూలోని ఆయకూచో. స్వాతంత్ర్యపక్షపు సేనాని సూక్రే దగ్గర 6,000 లోపే, వైస్రాయి లా సెర్నా దగ్గర సుమారు 9,000. అందులో ఎక్కువమంది స్పెయిన్‌లో పుట్టినవాళ్లు కారు, పెరూ కొండజనం. పైగా అదే ఏడాది ఒలాన్యేతా అనే రాజుపక్షపు సేనాని వైస్రాయి మీదే తిరగబడి సైన్యాన్ని చీల్చాడు. లా సెర్నా గాయాలతో పట్టుబడ్డాడు. లిమా రేవు కయావ్‌లోని కోట 1826 జనవరి దాకా లొంగలేదు.

తీరంవాసి:
మనీలా ఇందులో ఎక్కడ? మన తీరానికి ఏదైనా సంబంధం ఉందా?

ఓడరేవు:
ఉంది. 1565లో ఉర్దనేతా అనే నావికుడు ఫిలిప్పీన్స్ నుంచి మెక్సికోకు తిరుగుదారి కనిపెట్టాక మెక్సికో రేవు అకపుల్కో, మనీలా మధ్య 1815 దాకా ఓడలు నడిచాయి. చైనా పట్టు, కోరమాండల్ గుడ్డలు అటు, వెండి ఇటు. 1593 నుంచి అటు పోయే సరుకుకు 2,50,000, తిరిగివచ్చే వెండికి 5,00,000 పెసోల హద్దు పెట్టారు. హద్దు ఎప్పుడూ మీరేవారు. ఇంగ్లిషు ఓడలకు మనీలాలో అనుమతి లేదు కాబట్టి మద్రాసు గుడ్డ అర్మేనియన్ల పేరు మీద పోయేది. 1762లో మనీలాను పట్టుకున్న ఇంగ్లిషు దండు బయల్దేరింది మద్రాసు నుంచే. 1764లో వాళ్లు వెళ్లిపోయినా, దండులోని సిపాయిలు కొందరు మనీలా దగ్గరి కైంతాలో స్థిరపడ్డారు.

1898 సంగతి క్లుప్తంగా: మిగిలింది క్యూబా, పోర్టోరికో, ఫిలిప్పీన్స్, పసిఫిక్ దీవులు. క్యూబాలో 1868 నుంచి పదేళ్ల యుద్ధం, 1895లో మళ్లీ. 1896లో అక్కడి స్పెయిన్ గవర్నరు వెయ్లర్ పల్లెజనాన్ని కంచెల్లోకి తోలి ఆకలితో, రోగాలతో చావనిచ్చాడు. 1898 డిసెంబరు 10 పారిస్ ఒప్పందంలో ఫిలిప్పీన్స్‌కు అమెరికా 2 కోట్ల డాలర్లు ఇచ్చింది. మరుసటి ఏడాది మిగిలిన కరోలైన్ దీవుల్ని జర్మనీకి అమ్మేశారు.

తీరంవాసి:
చివరిగా ఒకటి. ‘స్తంభాల డాలర్’ పేరుతో నెట్‌లో అమ్ముతున్నారు. అసలుదో కాదో ఎలా చూడాలి?

నాణేలపెట్టె:
ఇది నేను చెప్పగలను. స్తంభాల డాలర్ అంటే ఎనిమిది రియాళ్ల నాణెమే. దాని తూకం 27 గ్రాములు, అంటే రెండు తులాల మీద కొంచెం. మెక్సికోలో 1732 నుంచి యంత్రంతో కొట్టారు. రెండు స్తంభాలు, మధ్య రెండు గోళాలు, కింద అలలు. 1772 నుంచి రాజు ముఖం వచ్చింది, వెండి పాలు 91.7 నుంచి సుమారు 90.3 శాతానికి చడీచప్పుడు లేకుండా తగ్గించారు. టంకశాల గుర్తు చూడండి. ఎం అక్షరం మీద చిన్న సున్నా ఉంటే మెక్సికో, పి, టి, ఎస్ అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంటే పొతోసీ.

నకిలీ దొరికిపోయేది అంచు దగ్గర. రాజు ముఖం నాణేనికి అంచు చుట్టూ ఒక సున్నా, ఒక దీర్ఘచతురస్రం వరుసగా ఉంటాయి. అంచును రెండు పట్టీల మధ్య దొర్లించి అచ్చు వేసేవారు కాబట్టి, ఎదురెదురుగా రెండుచోట్ల ఆ వరుస ఒకదాని మీద ఒకటి ఎక్కుతుంది. పోతపోసిన నకిలీలో అది కనబడదు, అంచు మధ్యలో సన్నటి అతుకు గీత ఉంటుంది. చిన్న చిన్న చైనా అక్షరాల గాట్లుంటే భయపడకండి, అవి అక్కడి షరాబులు వెండిని పరీక్షించి వేసిన గుర్తులు.

పొతోసీ టంకశాల 1825లో కూడా ఫెర్డినాండ్ ముఖంతోనే కొట్టింది, అంటే ఆయకూచో తర్వాత కూడా. ఇంకొకటి, మన ప్రాంతపు సేకరణల్లో వెతకదగ్గది: 1808 ప్రాంతంలో మద్రాసు టంకశాల వేసిన వెండి అర వరహా. ఒకవైపు గుడి గోపురం, ఇంకోవైపు విష్ణుమూర్తి, చుట్టూ తమిళం, తెలుగు అక్షరాలు. కొన్నింటిని స్పానిష్ నాణేల మీదే తిరిగి అచ్చు వేశారు. ఏటవాలు వెలుతురులో తిప్పి చూస్తే కింద పాత అచ్చు గీతలు మిగిలి ఉంటాయి.